ఓడ ఎక్కినవాడి తండ్రి పేరు

ఆ పిడకల దండ అప్పుడే వెయ్యకండర్రా, మంట ఇంకా అందుకోలేదు. ముందు ఆ విరిగిన కుర్చీ కాలు వెయ్యండి, తర్వాత తాటి కమ్మలు. సీతమ్మధారలో భోగి మంటకి ఇంత ఖాళీ చోటు మిగిలిందంటేనే గొప్ప. నేనిక్కడ ఇల్లు కట్టుకున్న రోజుల్లో రోడ్డుకి ఇవతల తుప్పలు, అవతల గెడ్డ. "అంత దూరం నీ ఇంటికి ఎవడొస్తాడోయ్" అనీవారు స్నేహితులు. ఇప్పుడు గురుద్వారా జంక్షన్ దాటడానికే పావుగంట పడుతోంది.

అమ్మలూ, నువ్విలా దగ్గరికి జరుగు. పొద్దున్నించీ మొహం మాడ్చుకుని తిరుగుతున్నావు, సంగతేటో మీ అమ్మ చెప్పింది. మీ స్కూల్లో వంశవృక్షం గీసి తెమ్మన్నారట. నీ పక్కన కూర్చునే పిల్ల అమెరికాకి 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాడి దగ్గర్నుంచి తన దాకా గీసి తెచ్చిందట. నువ్వు మీ నాన్న పేరు, నా పేరు, మా నాన్న పేరు రాసి ఆగిపోయేవట. దానికి చిన్నబోవడం ఎందుకు? మీ నాన్ననడిగినా అక్కడే ఆగుతాడు. ఈ మంట చుట్టూ కూర్చున్న పెద్దవాళ్ళని అడిగి చూడు, నాలుగో పేరు దగ్గర అందరూ ఆకాశం చూస్తారు.

ఆ మేఫ్లవర్ వాళ్ళ సంగతి నేనూ చదివేను. ఓడలో వచ్చినవాళ్ళు 102 మంది. దిగిన మొదటి చలికాలంలోనే సగం మంది పోయేరు. మిగిలినవాళ్ళ సంతతి 1897లో ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో చేరాలంటే మా తాత చెప్పేడు, మామ్మ చెప్పిందంటే చెల్లదు. ప్రతి తరానికీ పుట్టుక, పెళ్ళి, చావు కాగితం మీద చూపించాలి. మొదటి ఐదు తరాల లెక్క వెండి రంగు అట్టల పుస్తకాలుగా అచ్చేసుకున్నారు. సాల్ట్ లేక్ సిటీలో మార్మన్ మతం వాళ్ళు 1894లో ఇంకో సంస్థ మొదలుపెట్టి, లోకంలో ఎక్కడెక్కడి చర్చి పుస్తకాలూ ఫిల్ము తీసి దాచేరు. నేను ముప్పయ్యేళ్ళకి పైగా రెవెన్యూలో కాగితాలు మోసినవాణ్ణి. అంత శ్రద్ధకి దండం పెట్టకుండా ఎలా ఉంటాను?

అయితే మనకీ ఓడలున్నాయి. మేఫ్లవర్ లాగ ఒకటి కాదు, వందలు. ట్రూరో అని పేరు విన్నావా? వినవు, మీ బళ్ళో చెప్పరు, మన బళ్ళోనూ చెప్పరు. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న ఆఫ్రికా దక్షిణాన డర్బన్ రేవుకి చేరింది. అందులో మనవాళ్ళు 342 మంది. నాటాల్ అనే ఆ దేశంలో తెల్లవాళ్ళు చెరకు వేసేరు, నరకడానికి మనుషులు లేరు. ఐదేళ్ళ ఒప్పందం, మొదటేడు నెలకి పది షిల్లింగులు, తిండి, గుడ్డ, ఉండడానికి కొట్టు. ఆ ఓడతో మొదలైంది 1911లో ఆపీసేదాకా 1,52,184 మందిని తీసుకెళ్ళేరు. అందులో మూడింట రెండొంతులు మద్రాసు రేవు మీదుగానే. ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి ఎంతమంది వెళ్ళేరో, గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచీ అలాగే వెళ్ళేరు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ ఒకటిన్నర లక్షల మందిలో ప్రతి ఒక్కడికీ ఒక నంబరు ఉంది. నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద ఏ మచ్చ ఎక్కడుందో. ఎడమ మోకాలి కింద గాటు, కుడి చేతి మీద పచ్చబొట్టు, ఇలాగ. చివర ఏ తోటకి పంపించేరో. పెద్ద పెద్ద పుస్తకాల్లో వరసగా రాసి ఉంది. తర్వాతి రోజుల్లో డర్బన్‌లో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు అదంతా కంప్యూటర్‌కి కూడా ఎక్కించేరు.

మనవాళ్ళ మీద ప్రేమతో రాసుకున్నారనుకుంటున్నావా? ఒక్కొక్క తలకీ దొర డబ్బు కట్టేడు. పారిపోతే పట్టుకోవాలి, చస్తే లెక్క తేల్చాలి, ఐదేళ్ళు అయ్యిందో లేదో చూడాలి. గాటూ పచ్చబొట్టూ అందుకే. మా ఆఫీసులో పశువుల అప్పు ఇచ్చినప్పుడు గేదె కొమ్ములూ సుడులూ రాసుకునీవాళ్ళం, అదే పద్ధతి. కానీ చూడు, దొర లెక్క కోసం రాసిన పుస్తకమే నూట ముప్పయ్యేళ్ళ తర్వాత మునిమనవడి చేతిలో వంశవృక్షం అయ్యింది.

అలాంటి మునిమనవడొకాయన నా దగ్గరికే వచ్చేడు. మండేలా ప్రెసిడెంటు అయిన తర్వాత, మీ నాన్న ఇంకా చదువుకుంటున్నాడు. అంతకుముందు మన దేశానికీ ఆ దేశానికీ రాకపోకలు లేవు. డర్బన్ మనిషి, వయసు అప్పటికే అరవై దాటింది, స్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యేడు. చేతిలో ఒక కాగితం, ఓడ పుస్తకంలో పేజీ నకలు. ఎవరో చెప్పేరట, సీతమ్మధారలో పాత తాలూకాల లెక్క తెలిసిన ముసలాయన ఒకడున్నాడని. నేనప్పటికి ముసలాణ్ణి కాదనుకో. ఇంటి గౌరవం కోసం పేరు చెప్పను, ఆయన ముత్తాత పేరు 'అప్పల' అని మొదలవుతుందని మాత్రం చెప్తాను.

వారం రోజులు హైదరాబాదులో తిరిగొచ్చేడు పాపం. ఎందుకని అడిగితే కాగితం చూపించేడు. తాలూకా గడిలో ఇంగ్లీషులో 'గోల్గొండ' అని ఉంది. ఇంకేం, కోట చూసుకుని, కుతుబ్ షాహీ సమాధులు చూసుకుని, మా తాతలది నవాబుల ఊరనుకుని ఫొటోలు దిగేడు. "అయ్యా, పక్క గడి చూడలేదేటి మీరు? విశాఖపట్నం జిల్లా అని ఉంది కదా. ఇది మా గొలుగొండ తాలూకా, నర్సీపట్నం కేంద్రం. కోటా లేదు, నవాబూ లేడు" అన్నాను. పెద్దగా నవ్వేడు. మంచి మనిషి.

ఇలాంటి తిరకాసులు బోలెడు. సర్వసిద్ధి తాలూకా అని రాసి ఉంటే మ్యాపులో వెతుక్కుంటూ కూర్చోవడమే, ఎలమంచిలి అని తెలియాలి. వీరవల్లి తాలూకా అంటే చోడవరం వైపు. అన్నిటికంటే పెద్దది శ్రీకాకుళం. అప్పట్లో చికాకోల్ అనీవారు, గంజాం జిల్లాలో ఉండీది. 1936 ఏప్రిల్లో ఒరిస్సా రాష్ట్రం పుట్టినప్పుడు గంజాంలో ఈ ముక్క తీసి మన జిల్లాలో కలిపేరు. 1950లో మళ్ళీ విడదీసి శ్రీకాకుళం జిల్లా చేసేరు. కాగితంలో గంజాం అని చూసుకుని బరంపురం వెళ్ళి ఒరియావాళ్ళ ఊళ్ళలో తాతని వెతుక్కున్నవాళ్ళున్నారు. దానికి తోడు రాసినవాడు మద్రాసు డిపోలో గుమాస్తా. మన గొలుగొండ రైతు నోట్లోంచి వచ్చిన మాట ఆ గుమాస్తా చెవికి ఎలా వినపడిందో, ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా దిగిందో ఊహించుకో.

సరే, ఆయన్ని తీసుకుని నర్సీపట్నం బస్సెక్కేను. ఊరి పేరు చివర 'పాలెం' అని తెలుస్తోంది, ముందు మాట రెండు ఊళ్ళకి సరిపోతోంది. మొదటి ఊళ్ళో రావిచెట్టు కింద నలుగురూ చేరేరు. ఆఫ్రికా నుంచి వచ్చేరంటే పిల్లలు చుట్టూ మూగేరు, మన నలుపే కదా అని నిరాశపడ్డారు కూడా. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "మీ ఇంటిపేరేటి బాబూ?" అంది. నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన ఛాతీ విరుచుకుని "నాయుడూ" అన్నాడు, చివర సాగదీసి, వాళ్ళు రాసుకునే రెండు 'ఓ'లూ వినపడేలాగ. ముసలమ్మ, "అది సగం ఊరికుంది నాయనా, ఇంటిపేరు అడిగేను" అంది.

అక్కడితో అయిపోయింది. ఫారంలో కులానికి గడి ఉంది, ఇంటిపేరుకి లేదు. కులం గడిలో ఉన్నదో, తండ్రి పేరో అక్కడ పిల్లలకి ఇంటిపేరు అయిపోయింది. మనకేమో ఇంటిపేరు లేకపోతే మనిషిని పట్టుకోవడానికి పిలక లేనట్టే. గొర్లెవారా, కిమిడివారా, పొట్నూరువారా అన్నది తెలిస్తే ఏ వీధో, ఏ బావి దగ్గరో, ఎవరితో వియ్యమో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. రెండో ఊళ్ళోనూ అదే ప్రశ్న, అదే జవాబు. ఆ ఊళ్ళో ఇద్దరు ముసలాళ్ళు "మా వాళ్ళే అయ్యుంటారు" అన్నారు. సాయంత్రం నిదానంగా అడిగితే, అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపడం ఇష్టం లేక అన్నామన్నారు.

కరణం పుస్తకాల్లో చూడొచ్చు కదా అంటావు. చూసేను, చూడకుండా ఉంటానా? సెటిల్మెంటు రిజిస్టర్లో సర్వే నంబరు పక్కన పట్టాదారు పేరుంటుంది. భూమి ఉన్నవాడి పేరు. ఓడ ఎక్కినవాడికి భూమే ఉంటే ఓడెందుకు ఎక్కుతాడు? గొలుగొండ కనీసం సర్కారు తాలూకా. విజయనగరం, బొబ్బిలి జమీందారీ ఊళ్ళలో అయితే 1948లో ఎస్టేట్లు రద్దు చేసిన చట్టం వచ్చేదాకా సర్కారు సెటిల్మెంటన్నదే లేదు. పుట్టుకల రిజిస్టరు? మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల చట్టం 1899లో వచ్చింది. ఆయన ముత్తాత అంతకు పదేళ్ళ ముందే వెళ్ళిపోయేడు. పైగా 1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు తీసేసినప్పుడు వాళ్ళ ఇళ్ళలో ఉండిపోయిన పాత కట్టలు కొన్ని అటకెక్కేయి, కొన్ని చెదలకి పోయేయి. మరుసటేడు తాలూకాలు తీసి మండలాలు చేసేరు. అంతకుముందు మేం కంఠతా పట్టిన తాలూకాల పేర్లు మీ తరానికి ఎవరూ చెప్పరు.

అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది. ఆ కుటుంబం దారి డర్బన్‌లో తెగలేదు. అక్కడ నంబరుతో సహా భద్రంగా ఉంది. తెగింది మన ఊళ్ళోనే. వెళ్ళినవాడి తండ్రి పేరు పరాయి దేశంలో రాసుంది, ఉండిపోయిన తమ్ముడి పేరు సొంత ఊళ్ళో ఎక్కడా లేదు.

ఆయన్ని ఏమీ లేకుండా పంపించేనని కాదు. పేర్లలోనే కొంత దొరికింది. 'అప్పల' అన్న మాట చూడగానే నేను చెప్పీగలను, సింహాచలం అప్పన్న కొండ కనిపించేంత మేర, మహా అయితే రెండు మూడు రోజుల నడక దూరంలో పుట్టినవాడని. అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలం, సన్యాసి, నూకరాజు, పైడితల్లి, ఇవి మన వైపు తప్ప ఇంకెక్కడ ఉంటాయి? డర్బన్ టెలిఫోను పుస్తకంలో అప్పల్‌సామి, అప్పల్‌రాజు అని ఇంటిపేర్లే ఉన్నాయట. ఆయన తెల్లబోయేడు, ఇన్నాళ్ళూ అది తమిళ పేరనుకున్నాడట. ఇంకోటి అడిగేను, "మీ అన్నదమ్ముల్లో పెద్దాయన పేరేటి?" అని. చెప్పేడు. కాగితం మీద ఆ ఓడ ఎక్కినాయన తండ్రి పేరు కూడా అదే. తాత పేరు మనవడికి పెట్టడం అన్న మన పద్ధతి, ఎందుకో తెలియకుండానే, అక్కడ తరం విడిచి తరం జరుగుతూ వచ్చింది. భాష పోయింది, ఇంటిపేరు పోయింది, ఆ వరస మాత్రం మిగిలింది. సింహాచలం తీసుకెళ్ళేను. మండపాల్లో స్తంభాల మీద శాసనాలు చూసి, "వీటిలో మా వాళ్ళు ఉంటారా?" అన్నాడు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి వేయించిన శాసనం ఉంది, గంగ రాజులవి ఉన్నాయి. రాళ్ళ మీద వంశావళి రాజులదీ, దానాలిచ్చిన దొడ్డవాళ్ళదీ, అని చెప్పేను.

ఆడపిల్లలు వింటున్నారు కాబట్టి ఇదీ చెప్తాను. వెళ్ళిన ప్రతి వందమంది మగవాళ్ళకీ నలభైమంది ఆడవాళ్ళుండాలని సర్కారు నియమం పెట్టింది. ఆ ఆడవాళ్ళకి కూడా విడిగా నంబరు. ఆవిడ పేరు, ఆవిడ తండ్రి పేరు, ఆవిడ ఊరు. మన ఇళ్ళలో వంశవృక్షాలు చూసేరా? శుభలేఖ మీద, పటం కట్టించిన కాగితం మీద, అన్నీ మగ పేర్లే. ఆడది వచ్చిందంటే 'భార్య' అని ఒక్క మాట. తద్దినం పెట్టేటప్పుడు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్త పేర్లు పలుకుతాం, మంచిదే, కానీ ఏ ఊరి పిల్లో, ఏ ఇంటి పిల్లో పంతులు అడగడు, మనం చెప్పం. కూలీకి వెళ్ళిన గొలుగొండ ఆడమనిషి పుట్టిల్లు దొరుకుతోంది, కూర్చుని తిన్న మా మామ్మ పుట్టిల్లు దొరకడం లేదు.

మారిషస్‌లో ఇంకా నయం. 1834 నుంచి అక్కడికి వెళ్ళినవాళ్ళు నాలుగున్నర లక్షలు. ఆ రిజిస్టర్లు మోకా అన్న ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరివి ఫొటోలు కూడా ఉన్నాయి. కూలీలు దిగిన మెట్లు ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అని ప్రపంచ వారసత్వ స్థలం, 2006లో యునెస్కో ప్రకటించింది. అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, ఉగాదికి దేశమంతటికీ సెలవు. నతాషా అప్పన్న అని అక్కడ 1973లో పుట్టిన రచయిత్రి ఫ్రెంచిలో రాస్తుంది. ముత్తాత తల్లిదండ్రులు 1872లో ఓడ దిగిన దగ్గర్నుంచి తన కుటుంబాన్ని వెతుక్కుంటూ 2023లో ఒక పుస్తకమే వేసింది. ఆవిడకి మొదటి ఆధారం ఏటనుకున్నావు? వాళ్ళకిచ్చిన నంబర్లు.

ఫిజీలో కూడా ఇదే. 1879 నుంచి 1916 దాకా అరవై వేల మంది, 1903 నుంచి మద్రాసు మీదుగా మనవాళ్ళు. కలకత్తా మీదుగా వెళ్ళినవాళ్ళ 45 వేల పాసులు ఒక్కొక్కటీ తీసి బ్రిజ్ లాల్ అనే చరిత్రకారుడు లెక్క కట్టేడు, వాళ్ళలో ఒకడి మనవడే ఆయన. మన దక్షిణాదివాళ్ళకి అలాంటి మనవడు ఇంకా పుట్టాలి.

మనకి రాసుకునే అలవాటే లేదనకండి. పిచ్చుగుంట్లవాళ్ళు వచ్చీవారు మా చిన్నప్పుడు, కళ్ళం నూర్పిళ్ళయ్యేక. గోత్రం చెప్పి, మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి వరసగా పాడుకుంటూ వచ్చి మా నాన్న పేరు దగ్గర ఆగీవారు. కుంచెడు ధాన్యం పోస్తే నా పేరు కూడా కలుపుకునీవారు. రాజులకి భట్రాజులు, గయలో పండాల దగ్గర పుస్తకాలు. కానీ ఇదంతా ధాన్యం పొయ్యగలిగినవాళ్ళకి, గయ వెళ్ళగలిగినవాళ్ళకి. కళ్ళంలో కూలికొచ్చినవాడి వంశం ఏ పిచ్చుగుంట్లాయనా పాడలేదు. పిచ్చుగుంట్లవాళ్ళ పిల్లలు కూడా ఇప్పుడు వేరే పనులు చేసుకుంటున్నారు, చెయ్యాలి కూడా.

ఒక్కోసారి ఊరే ఉండదు. స్టీల్ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన చేసేరు. ఇరవై వేల ఎకరాలకి పైగా తీసుకున్నారు. ఊళ్ళకి ఊళ్ళు లేపి గాజువాక చుట్టుపక్కల పునరావాస కాలనీలు వేసేరు. 'గోదావరి' అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగించేరు. ఓడ పుస్తకంలో ఉన్న ఊరు ఆ ఫర్నేసు పక్కన ఉందనుకో, డర్బన్ నుంచి వచ్చినవాడికి నేను ఏ రావిచెట్టు చూపించను? ఉక్కు మనకి కావాలి, దానికోసం పోరాడిన ఊరు ఇది. తీసేసిన ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ కాలనీ మొదట్లో ఒక రాయి మీద చెక్కించి ఉంటే ఎంత ఖర్చయ్యీది?

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇది మీ నాన్నకి కూడా సరిగ్గా తెలీదు.

మా తాతకి ఒక తమ్ముడుండీవాడు. రంగం వెళ్ళిపోయేడు. రంగం అంటే రంగూన్. మన వైపు ఇంటికొకడు రంగం వెళ్ళినవాడు ఉండీవాడు. భీమిలి, కళింగపట్నం, బారువ, కాకినాడ, ఏ రేవులో చూసినా రంగం ఓడే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చీవాడు, డెక్కు మీద మూటా ముల్లే వేసుకుని వెళ్ళిపోవడమే. రేవులో బస్తాలు మొయ్యడం, బియ్యం మిల్లులు, రిక్షాలు. 1931 లెక్కల్లో బర్మాలో మన దేశస్థులు పది లక్షల పైన, రంగూన్ పట్నంలో సగానికి పైగా మనవాళ్ళే. నాటాల్‌కి యాభై ఏళ్ళలో వెళ్ళినవాళ్ళకి ఎన్ని రెట్లో నువ్వే చూసుకో.

వీళ్ళలో ఒక్కడి తండ్రి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. వీళ్ళ మీద దొర ఐదేళ్ళ హక్కు కొనుక్కోలేదు కదా, అందుకని నంబరు లేదు, మచ్చల వివరం లేదు. ఓడకి ఎన్ని తలకాయలో లెక్క ఉంది, అంతే. దూరం వెళ్ళి చెరకు తోటలో బందీ అయినవాడు దొరుకుతున్నాడు. పక్కనే ఉన్న రేవుకి తన కాళ్ళ మీద తాను వెళ్ళినవాడు మాయమయ్యేడు.

మా చినతాత మనియార్డర్లు పంపీవాడట. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలకీ బర్మా వాళ్ళకీ పెద్ద కొట్లాట జరిగింది. సమ్మె చేసిన మనవాళ్ళ చోట వాళ్ళని పెట్టుకుని, సమ్మె తీరేక వాళ్ళని పొమ్మన్నారు కాంట్రాక్టర్లు. చిచ్చు పెట్టింది ఆ కాంట్రాక్టర్లు, చచ్చింది మనవాళ్ళు. ఆ తర్వాత కూడా ఒక ఉత్తరం వచ్చిందట, బతికే ఉన్నానని. బర్మా ఆవిణ్ణి కట్టుకున్నాడనీ ఎవరో చెప్పేరు. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేసేరు. లక్షల మంది అడవుల్లో, కొండల్లో నడుచుకుంటూ అస్సాం వైపు వచ్చేరు, దారిలో పోయినవాళ్ళు పోయేరు. మా నాన్న రోజూ వాల్తేరు స్టేషనుకి వెళ్ళి, రైలు దిగిన ప్రతివాణ్ణీ అడిగీవాడట. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదే బాంబులు పడ్డాయి. ఊరు ఊరంతా పల్లెలకి పరిగెట్టింది. ఆ గందరగోళంలోనే నేను పుట్టేను, అందుకే నన్ను చిన్నప్పుడు 'బాంబుగాడు' అనీవారు, నవ్వకండి. నాన్నకి ఇద్దరు కబురు చెప్పేరు. ఒకడు మీ చిన్నాన్నని దారిలో చూసేనన్నాడు. ఇంకొకడు రంగూన్‌లోనే పోయేడన్నాడు.

1964లో బర్మా సర్కారు దుకాణాలూ మిల్లులూ స్వాధీనం చేసుకున్నాక మళ్ళీ జనం వచ్చేరు ఓడల మీద. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా, అలా వచ్చినవాళ్ళదే. అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాని నేను. ఆదివారం ఆదివారం వెళ్ళి కూర్చునీవాణ్ణి. మా ఇంటిపేరు చెప్పీవాణ్ణి, ఊరు చెప్పీవాణ్ణి. వాళ్ళూ నన్ను అలాగే అడిగీవారు, "మా తాతది ఫలానా ఊరు, మావాళ్ళెవరైనా మిగిలేరా బాబూ" అని. నేను నలుగురికి వాళ్ళ ఊరి దారి చూపించగలిగేను. మా చినతాత పిల్లల ఆచూకీ నాకు ఎవరూ చూపించలేకపోయేరు.

ఇప్పుడు ఉమ్మి సీసాలో వేసి పంపిస్తే చుట్టాలెవరో చెప్పీ పరీక్షలొచ్చేయట. మీ నాన్న చెప్పేడు. డర్బన్ వాళ్ళూ మారిషస్ వాళ్ళూ ఉమ్ముతున్నారట. సరే, గొలుగొండలో కూడా ఎవడో ఒకడు ఉమ్మితేనే కదా కలిసేది! ఈ లోపల కాగితమూ కలమూ చౌక.

అందుకని అమ్మలూ, మేఫ్లవర్ పిల్ల చెట్టు చూసి బాధపడకు. నీ చెట్టులో కొమ్మ మా చినతాత దగ్గర విరిగిపోయింది, అక్కడ అలాగే విరిగినట్టు గీసి, పక్కన 'రంగం వెళ్ళేడు, భీమిలి రేవు' అని రాయి. అది తప్పు కాదు, నిజం. మిగతా పిల్లలూ వినండి, మీ ఇళ్ళలో కూడా రాయండి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఆవిడ పుట్టింటి ఇంటిపేరు, ఆ ఊరు. ఊరి పేరు ఒక్కటీ రాసి ఊరుకోకండి, మన వైపు పాలేలూ వలసలూ ఒకే పేరుతో పదేసి ఉన్నాయి. పాత తాలూకా, ఇప్పటి మండలం, రెండూ రాయండి. ఎవరు ఎక్కడికి, ఏ సంవత్సరం వెళ్ళిపోయేరో రాయండి, దుబాయి అయినా, డల్లాసు అయినా. ఇంట్లో పనిచేసీ మనిషిని కూడా అడిగి, ఆవిడ పిల్లల నోటుపుస్తకంలో ఆవిడ పుట్టిల్లు రాసిపెట్టండి, ఆవిడకి రాయడం రాకపోతే. ఒక నకలు వేరే ఊళ్ళో చుట్టాల దగ్గర ఉంచండి.

మీ మామ్మది చీపురుపల్లి తాలూకా. అదొక్కటీ నేను చెప్పీసేను. ఆవిడ తల్లి పుట్టిల్లు ఎక్కడో, ఆ ఇంటిపేరేటో నాకు తెలీదు, ఆవిడకే తెలుసు. ఇప్పుడే వెళ్ళి అడుగు, ఇంకో అరగంటలో కునుకు తీస్తుంది.